రత్నమ్మత్త చేతి పిండి

చిక్కబళ్లాపురంలో చర్మం డాక్టరమ్మ మా అమ్మాయి మొహాన్ని కిటికీ వెలుగుకు తిప్పి చూస్తున్నంతసేపూ నేను పక్క కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మేఘనది జిడ్డు మొహం. నుదుటి మీదా చెంపల మీదా మొటిమలు. పియుసిలో, అంటే ఇంటరులో, చేరినప్పటినుంచి మొహం కడగడమే ఆ పిల్లకు పెద్ద పని అయిపోయింది. కాలేజీకి పోయేముందు కడుగుతుంది, వచ్చాక కడుగుతుంది, చదువు మధ్యలో లేచి వెళ్లి కడుగుతుంది, ఫోనులో తన ఫోటో తనే చూసుకుని మళ్లీ కడుగుతుంది. వాడేవన్నీ తెమ్మని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండటంతో ఒక సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. బొగ్గు కలిపిన నల్లటిది ఒకటి, నిమ్మపండు బొమ్మ ఉన్నది ఒకటి, ఇసకలాగా గరగరలాడేది ఇంకొకటి. డాక్టరమ్మ వాటిని ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ, రోజుకెన్నిసార్లు కడుగుతావని కన్నడంలో అడిగింది. జిడ్డు కనపడినప్పుడంతా అంది మా అమ్మాయి. “మొహమేమన్నా మాడిన గిన్నెనా అమ్మా, అన్నిసార్లు తోమడానికి?” అని ఆమె నవ్వింది. జిడ్డు అంటే మురికి కాదని, దాన్ని పూర్తిగా లాగేస్తే చర్మం ఇంకా రేగుతుందని చెప్పింది. సబ్బు లేనిది, వాసన లేనిది, మెత్తటి క్లెన్సర్ ఒకటి రాసిచ్చి, పొద్దునా సాయంత్రం వేళ్ల కొసలతో మెల్లగా పూసి కడిగేయాలని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలని చేసి చూపించింది. కాగితం మడిచి ఇస్తూ నా మొహంకేసి చూసి, “మీకెట్లా వచ్చాయి సార్ ఈ గుంటలు?” అంది.

“చిన్నప్పుడు మా అత్త ఇంట్లో విసిరిన పిండి పూసుకున్నాను. పడలేదు” అన్నాను.

నా పేరు అడిగితే చెప్పినంత సులువుగా వచ్చింది ఆ మాట. ఇంట్లో చేసినవి కూడా అందరికీ పడవు లెండి, కొందరికి శనగపిండి కూడా పడదు అని డాక్టరమ్మ తలాడించి ఇంకొకరిని పిలిచింది. మేఘన మాత్రం నా గుంటల మొహాన్ని జాలిగా చూసింది. చింతామణి బస్సు ఎక్కాక, కిటికీ పక్కన కూర్చుని, మందుల షాపులో కొన్న కొత్త ట్యూబును వేళ్ల మధ్య తిప్పుతూ, “ఆ అవ్వ చెయ్యి తగిలితే అంతేనంట కదప్పా. కెంచార్లహళ్లి అవ్వ చెప్పింది” అంది. ఎవరు ఏ అవ్వో నాకు చెప్పనక్కర్లేదు. కెంచార్లహళ్లి అవ్వ మా అమ్మ చెల్లెలు, మా లలిత చిన్నమ్మ. చెయ్యి తగిలితే అంతే అన్నది బాగేపల్లి దగ్గర పరగోడులో ఉన్న మా రత్నమ్మత్తను గురించి. మా నాయనకు అక్క ఆమె. ఆ అత్త మా అమ్మాయికి ఏ రోజూ ఏ కీడూ చేయలేదు. పుట్టినప్పుడు వెండి మొలతాడు తెచ్చి పెట్టింది, అంతే. అయినా నా అబద్ధం నా దగ్గరినుంచి మా అమ్మకు, మా అమ్మనుంచి చిన్నమ్మకు, చిన్నమ్మనుంచి నా కూతురిదాకా వచ్చి బస్సులో నా పక్కన కూర్చుంది. నేను సీటులో ఇటూ అటూ కదిలాను. కిటికీ మూశాను, తెరిచాను. దారిలో బస్సు ఆగినప్పుడు దిగి నీళ్ల సీసా కొన్నాను. తాగకుండానే ఇంటికి తెచ్చాను.

ఈ జ్ఞాపకాల్లో ఇంతకుముందు ఒక చోట మా అత్త పిండి గురించి హాస్యంగా రాశాను. చదివినవాళ్లు నవ్వుకున్నామని చెప్పారు, నేనూ సంతోషపడ్డాను. ఆ రాసింది నిజం కాదు. నిజమేదో రాయకుండా తక్కిన ఏ జ్ఞాపకమూ రాయబుద్ధి కావడం లేదు. అందుకే ఇది.

మా వైపు పెళ్లిళ్లలో నలుగుపిండి ఎవరు విసురుతారన్నది చిన్న విషయం కాదు. పెళ్లికూతురి ఒంటికి మొదట తగిలేది ఆ పిండి. విసిరేది ముత్తయిదువ అయి ఉండాలి, ఇల్లు నిండుగా ఉన్నామె అయి ఉండాలి, పైగా చెయ్యి మంచిది అయి ఉండాలి. ఈ మూడోదాన్ని ఎవరు ఎట్లా తేలుస్తారో తెలియదు గానీ ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలిసి ఉంటుంది. నేను పుట్టకముందునుంచీ మా బంధువుల్లో ఆ చెయ్యి రత్నమ్మత్తదే. బాగేపల్లినుంచి వచ్చే బస్సు దిగి, చంకలో గుడ్డమూట పెట్టుకుని మా చింతామణి ఇంటి గడప ఎక్కుతుంటేనే పెళ్లి మొదలైనట్టు. ఆ మూటలో కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, ఎండబెట్టిన గులాబీ రేకులు, కస్తూరి పసుపు కొమ్ములు విడివిడి పొట్లాలుగా ఉండేవి. పెసలు మాత్రం పెళ్లివారి ఇంటివే కావాలి. వాటిని చేటలో చెరిగి, ఎండలో పరిచి, ఎండ దిగకముందే ఎత్తి, తిరగలి ముందు కూర్చునేది. విసిరేటప్పుడు మాట్లాడేది కాదు. ఎవరన్నా పలకరిస్తే చేత్తో తరువాత అన్నట్టు చూపించేది. పిండి విసిరే రోజు ఇంగువ ముట్టదు, వంటింట్లోకి రాదు. సాయంత్రానికి ఆమె చేతులు మోచేతులదాకా పసుపచ్చగా ఉండేవి. ఇల్లంతా ఎండిన గులాబీల వాసన, తడి మట్టి లాంటి వట్టివేళ్ల వాసన. ఇప్పటికీ ఏ కొట్లోనో వట్టివేళ్ల కట్ట కనపడితే నాకు మొదట గుర్తొచ్చేది దేవుడి గది కాదు, అత్త మోచేతులు.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. పిల్లలు ఎవరు ఎదురైనా రెండు చేతులతో చెంపలు నిమిరి, ఆ వేళ్లను తన కణతలకు ఒత్తుకుని టపటపా మెటికలు విరిచేది. ఎన్ని విరిగితే అంత దిష్టి పోయినట్టు. అందరు అత్తలూ అవ్వలూ చేసేదే అది, కానీ రత్నమ్మత్త మెటికలు వీధిలోకి వినపడేవి. నేను పక్కింటి పిల్లల ముందు సిగ్గుపడి తప్పించుకునేవాణ్ని. “యాడికి పోతాండావురా, నా చేతిలో ముళ్లుండాయా?” అని పట్టుకుని మరీ విరిచేది.

నాకు మీసాలు మొలిచే ముందే మొటిమలు మొలిచాయి. మొహం ఎప్పుడూ నూనె పూసినట్టుండేది. బళ్లో నన్ను బోండా అని పిలిచేవాళ్లు, నూనెలోంచి తీసినదని. రత్నమ్మత్త అది చూసి నాకని విడిగా ఒక పిండి విసిరి, వస్త్రగాయం పట్టి, చిన్న డబ్బాలో పోసిచ్చింది. ఉత్త పెసరపిండి, ఇంత వేపాకు పొడి. పలుచటి మజ్జిగలో కలిపి పూసుకోమంది. “రుద్దొద్దురా, అద్దు. అద్ది కడిగేయి” అంది. దాంతోపాటు చెనిక్కాయలు తినొద్దనీ, పొద్దుగూకాక అద్దం చూడొద్దనీ చెప్పింది. ఇందులో ఏది శాస్త్రమో ఏది కాదో నాకు తెలియదు. ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఆ పిండి నా మొటిమలను తగ్గించలేదు. వాడినన్నాళ్లూ మొహం చల్లగా ఉండేది, మొటిమలు వాటి దారిన అవి ఉండేవి. అది చేసిన మంచీ అంతే, చెడూ అంతే. కొన్నాళ్లు పూసుకుని, నాకు ఓపిక లేక, డబ్బాను గూట్లో పెట్టేశాను. పదహారేళ్లవాడికి రేపటికల్లా మొహం మారాలి.

మా ఇంటి వెనక నాయనకు పట్టు ఉడకబెట్టే షెడ్డు ఉండేది. పచ్చి పట్టునూలు చూసినవాళ్లకు తెలుస్తుంది, అది పట్టులా ఉండదు. ఎండుగడ్డిలా బిరుసుగా, మొద్దు రంగులో ఉంటుంది, దాని మీద పురుగు పూసిన బంక ఉంటుంది కనక. సబ్బూ బట్టల సోడా వేసిన నీళ్లలో ఉడకబెడితే ఆ బంక కరుగుతుంది. నాయన కట్టెతో, చుట్టలుగా కట్టిన నూలు చిలపలను తిప్పి తిప్పి, ఉతికి, ఒకటి వెలుగులోకి ఎత్తి పట్టుకునేవాడు. అప్పుడు చూడాలి దాని మెరుపు. కొనడానికి వచ్చినవాళ్లకూ, పనివాళ్లకూ, నాకూ, ఎవరు పక్కనుంటే వాళ్లకు ఒకటే మాట చెప్పేవాడు, “బంక పోతేగానీ వన్నె రాదప్పా” అని. ఆ షెడ్డు వాసన మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది. కాగిన సబ్బు, ఉడికిన పురుగు, తడి కట్టెల పొగ. పనివాళ్లు సాయంత్రం చేతులకు కొబ్బరినూనె రాసుకునేవాళ్లు. సోడా చేతులను తింటుందని మమ్మల్ని గంగాళం దగ్గరికి రానిచ్చేవాడు కాదు నాయన.

నాకు మాత్రం ఆ మాట తలలో నాటుకుంది. బంక పోతేగానీ వన్నె రాదు. నా మొహం మీద ఉన్నదీ బంకే కదా అనుకున్నాను. పట్టు పని చేసే ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ ఈ ఆలోచన రాదేమో. పొద్దున్నే, పనివాళ్లు రాకముందు, గంగాళం అడుగున మిగిలిన నీళ్లు చెంబులో ముంచుకుని, పెరట్లో గోడ చాటుకు పోయి, తెగిన పట్టు పోగులను ఉండ చుట్టి దాంతో మొహం రుద్దుకున్నాను. కడుక్కున్నాక మొహం పలకలాగా బిగుసుకుంది. వేలు పెడితే కిర్రుమంది. నా జన్మలో మొదటిసారి నా మొహం మీద జిడ్డు లేదు. ఆ సంతోషం నాకిప్పటికీ గుర్తుంది. మరునాడు ఇంకా గట్టిగా రుద్దాను. మంట పుడితే, పని చేస్తోందనుకున్నాను. బిగువు తగ్గకుండా బళ్లో కూడా నవ్వకుండా కూర్చున్నాను.

వారం తిరక్కముందే చెంపలు కందిపోయి, చర్మం పొరలుగా లేచి, రసి కారడం మొదలైంది. ఆ పొరలను గోళ్లతో పీకాను. ఇప్పుడున్న గుంటలు అట్లా వచ్చినవి. అమ్మ నన్ను గడపలో నిలబెట్టి, గడ్డం పట్టి మొహం ఎత్తి చూసి అదిరిపోయింది. “ఏం పూసుకొన్నావురా? మీ అత్త పిండినా?” అంది. వెనక నాయన నిలబడి ఉన్నాడు. సోడానీళ్లని చెబితే దెబ్బలు పడేవి, నిజమే, కానీ దెబ్బలకు కాదు నేను భయపడ్డది. మొగపిల్లాడు అందం కోసం గోడ చాటున మొహం తోముకున్నాడని తెలిస్తే ఆ షెడ్డులో, ఆ వీధిలో తలెత్తుకునేదెట్లా? దొంగతనం చేశానని ఒప్పుకోవడం అంతకంటే సులువు. నేను అబద్ధం కూడా ఆడలేదు, నోరు తెరవలేదు. తల ఊపాను. ఆ తల ఊపడం ఒక్కటే నేను చేసింది. మిగతాదంతా అమ్మ చేసుకుంది.

తరువాత మా బంధువుల్లో జరిగిన మొదటి కార్యం చిన్నమ్మ పెద్దకూతురి పెళ్లి, కెంచార్లహళ్లిలో. రత్నమ్మత్త ఎప్పటిలాగే మూటతో వచ్చింది. తిరగలి ముందు అప్పటికే ఇంకెవరో కూర్చుని ఉన్నారు. అత్త మూట విప్పబోతుంటే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి, “నువ్వు కూకో వదినా. బస్సులో అలసిపోయింటావు” అంది. అంత మర్యాదగా అంది. “అలుపేంటికమ్మా నాకు?” అని అత్త నవ్వి, అందరి మొహాలూ చూసి, నవ్వు ఆపేసింది. అమ్మ అటు తిరిగి పూలు కట్టుకుంటోంది. నేను వాకిట్లో అరటిచెట్టు కడుతున్నాను. అత్త మూట మళ్లీ ముడేసుకుని నా దగ్గరికి వచ్చింది. చెంపలకేసి చేతులు ఎత్తింది. లోపలినుంచి అమ్మ, “వాడి మొగం ముట్టుకోవద్దు వదినా” అంది. అత్త చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆ రోజునుంచి ఆమె మా ఇళ్లలో ఏ బిడ్డ చెంపా తాకలేదు. మేఘనను ఉయ్యాలలో వేసిన రోజున కూడా దూరంనుంచి గాలిని నిమిరి మెటికలు విరిచింది. అవి సరిగ్గా విరగలేదు.

అమ్మ చనిపోయేదాకా వదినతో మాటలు ముక్తసరిగానే ఉండేవి. నాకు చెప్పడానికి ఎన్ని సందర్భాలు రాలేదు! మొదట సిగ్గు. ఆ తరువాత, ఇంత కాలానికి ఇప్పుడెందుకు అన్న బద్ధకం. ఇంకా తరువాత, నేనే దాన్ని నమ్మడం మొదలుపెట్టాను. చాలాసార్లు చెప్పిన అబద్ధానికి మన చేతి వాసన పట్టేస్తుంది, మనదే అనిపిస్తుంది.

చిక్కబళ్లాపురంనుంచి వచ్చాక ఇంట్లో నా కాలు నిలవలేదు. నాయన షెడ్డు ఉన్న చోట ఇప్పుడు ఎవరో టమోటా క్రేట్లు పేర్చుకుంటున్నారు. అక్కడిదాకా నడిచి పోవడం, తిరిగి రావడం. మందుల షాపు ముందు ఒకసారి ఆగిపోయాను. లోపల ఇద్దరు మగపిల్లలు, నేను గోడ చాటుకు పోయిన వయసువాళ్లే, కౌంటరు మీద మోచేతులు ఆనించి, “ఆయిలీ స్కిన్నుకు మంచి ఫేస్‌వాష్ ఏదుంది అన్నా? మంట పెట్టకూడదు” అని గట్టిగా అడుగుతున్నారు. వెనక ఆడవాళ్లు నిలబడి ఉన్నా వాళ్లకేం పట్టలేదు. షాపతను రెండు రకాలు తీసి, ఇది నురగ వస్తుంది, ఇది రాదు అని చెబుతున్నాడు. నాకు అసూయ వేసింది. నా కాలంలో ఆ ప్రశ్న అడగడానికి ఒక చోటు ఉండి ఉంటే మా అత్త చెయ్యి చెడ్డదయ్యేది కాదు. కానీ కాలం మీద వేయడం కూడా ఇంకొకసారి తల ఊపడమే. అడగలేకపోవడం కాలం తప్పు కావచ్చు. చెప్పకపోవడం నాదే.

మొదట చిన్నమ్మ దగ్గరికి పోయాను. కెంచార్లహళ్లిలో ఆమె ఇప్పుడు కొడుకు దగ్గర ఉంది, మోకాళ్లు పట్టేసి మంచం మీదే. అంతా చెప్పాను. ఆమె తమలపాకు ఈనె తీస్తూ విని, “ఇప్పుడేంటికిరా అవన్నీ? ఎవురికి గుర్తుండాదవి?” అంది.

“నా కూతురికి గుర్తుండాది చిన్నమ్మా. నువ్వే చెప్పినావంట.”

“ఏదో మాటవరసకు చెప్పింటాను. పోనీలేరా. అక్క పోయె, మీ మామ పోయె, ఇప్పుడు పిండి విసిరేది మాత్రం యాడుండాది? పాకెట్టు తెస్తారు, కత్తిరిస్తారు, పోస్తారు.” ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. తరువాత, మనవరాలి పెళ్లి ముహూర్తం గురించి చెబుతూ, తనకు తెలియకుండానే, “రత్నమ్మ వదిననూ పిలుస్తాం, పిలవకుండా ఉంటామా? కూకోని చూసి పోతాది. పిండి కాడికి మటుకు రానియ్యం. ఆమె చెయ్యి…” అని, నన్ను చూసి ఆగిపోయింది.

డాక్టరమ్మ ముందు నాకు వచ్చినట్టే ఆమెకూ ఆ మాట దానంతటదే వచ్చింది. ఎవరికీ గుర్తులేదు, అందరికీ అలవాటుంది. “అందరికీ చెప్పు చిన్నమ్మా, నాది తప్పని” అన్నాను. “చెప్తాలే” అంది, వాకిలికేసి చూస్తూ. చెబుతుందో లేదో తెలియదు. ఈ పుస్తకం ఆమె ఇంటికి కూడా పంపిస్తాను.

పరగోడుకు మేఘనను తీసుకుని పోయాను. బాగేపల్లి బస్సులో దానికి మొదటినుంచీ చెప్పాను, గంగాళం, చెంబు, పట్టు పోగుల ఉండ, తల ఊపడం. అది ముందు నవ్వింది. “బట్టలుతికే సోడానా అప్పా? మొహానికా?” పక్క సీటువాళ్లు చూసేంతగా నవ్వి, ఎందుకో తన చెంప తడుముకుని, నవ్వు ఆపేసి, “అవ్వకు చెప్పినావా?” అంది.

“లేదు. అందుకే పోతాండాము.”

“ఇంత కాలమూ చెప్పలేదా?” అంది. ఆ తరువాత బాగేపల్లిదాకా కిటికీకేసే తిరిగి కూర్చుంది.

మేము పోయేసరికి రత్నమ్మత్త వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. మామ పోయినప్పటినుంచి ఆమె నుదురు బోడిగా ఉంది. నన్ను పోల్చుకోవడానికి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సీనానా? ఏమప్పా, చెప్పకుండా వస్తివి. ఎవురికన్నా బాగలేదా?”

“అందరూ బాగుండారు అత్తా.”

“అయితే కూకో. ఈ బిడ్డ మేఘననా? ఎంత పొడుగయిందప్పా.” చేతులు మా అమ్మాయి మొహందాకా ఎత్తి, అలవాటు ప్రకారం మధ్యలో ఆపి, గాలిని నిమిరి, కణతల దగ్గర మెటికలు విరుచుకుంది.

నేను మెట్టు మీద కూర్చున్నాను. దారి పొడుగునా పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. “అత్తా, నా మొహం చెడింది నీ పిండితో కాదు. నాయన షెడ్డులో సోడానీళ్లు తెచ్చుకొని నేనే రుద్దుకొంటి. అమ్మ అడిగితే నీ పిండి అని తలూపితి” అన్నాను.

ఆమె చేతిలో ఉన్న కాయను వలిచి గింజలు చేటలో వేసింది. “పట్టు ఉడకేసే నీళ్లా?”

“ఊ.”

“అవి చేతుల్నే తింటాయి గదప్పా” అంది, నా మొహం గురించే దిగులు పడినట్టు. ఇంకొక కాయ తీసుకుంది, వలవలేదు. “నేనేమనుకొంటినో తెలుసునా సీనా? అప్పుడే చేనికి మందు కొట్టి ఉంటిమి. ఆ మందు డబ్బా ఏమన్నా ముట్టుకొని అదే చేత్తో నీ పిండి విసిరితినేమో అని. కడుక్కోకుండా కూకుంటినేమో అని. ఎంత అనుకొన్నా గుర్తు రాదు. మీ మామను పోరి తిరగలికి మళ్లా గంట్లు కొట్టిచ్చినా. ఆనక విసిరి, నా చెంపకే పూసుకొని పండుకొన్నా. ఏమీ కాలేదు. కాకపోయినా నమ్మకం రాలేదు. ఇంగ విసరకపోతి.”

ఆమె నన్ను తిట్టుకుంటూ ఉండి ఉంటుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తిట్టుకుని ఉన్నా బాగుండేది. ఆమె నా అబద్ధాన్ని నమ్మి, తన చేతినే అనుమానించుకుంటూ బతికింది.

“మీ అమ్మకు చెప్పినావా?”

“లేదత్తా.”

“పోయేలోపల ఒగసారన్నా?”

“లేదు.”

“సరోజకు చెప్పింటే సాలు” అంది, మా అమ్మను పేరు పెట్టి. ముత్తయిదువగా తిరగలి ముందు కూర్చునే ఏళ్లు ఆమెకు ఎప్పుడో దాటిపోయాయి. రేపు చిన్నమ్మ ఊరంతా చాటించినా ఆ పీట మీద ఆమెను ఎవరూ కూర్చోబెట్టరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పులు వేసుకుని లేవాలా, ఇంకా ఉండాలా తెలియక చేటలో గింజలను ఊరికే కెలికాను.

అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడిన మేఘన తన సంచీలోంచి ట్యూబు తీసింది. “అవ్వా, నా మొహం నువ్వు కడుగుతావా?”

“నేనేంటికి తల్లీ? నీకు చేతులు లేవా?”

“నేను తోమేస్తానంట. డాక్టరు తిట్టింది. మెల్లగా కడగడం నాకు రాదు.”

అత్త నావైపు చూడలేదు. లేచి తొట్టి దగ్గరికి పోయి ముందు తన చేతులు కడుక్కుంది, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, ముంజేతులదాకా. అరచేతులు వాసన చూసుకుని మళ్లీ కడుక్కుంది. తరువాత ట్యూబు తీసుకుని మూత దగ్గర ముక్కు పెట్టింది.

“వాసనే లేదే.”

“వాసన లేనిదే మంచిదంట అవ్వా.”

“నురగా?”

“అదీ రాదు.”

“మరి ఏముండాదే దీంట్లో?” అంటే, మా అమ్మాయి నవ్వింది, ఆమె కూడా కొంచెం నవ్వింది. ఇంత వేలి మీద వేసుకుని, పిల్ల నుదుటి మీద పెట్టి, ముసలి వేళ్ల కొసలతో మెల్లగా, మొటిమలున్న చోట ఇంకా మెల్లగా, చిన్న చిన్న సున్నాలు చుట్టింది. “రుద్దొద్దు, అద్దు” అని తనలో తాను అనుకుంటోంది. చెంబుతో నీళ్లు చిలకరించి కడిగి, చెరగుతో ఒత్తింది. ఆ తరువాత తడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, చెంపలు కిందిదాకా నిమిరి, వేళ్లు కణతలకు ఒత్తుకుంది. మెటికలు ఒక్కటి కూడా తప్పకుండా విరిగాయి. పక్కింట్లో కట్టేసిన మేక తల తిప్పి చూసింది.

నేను మెట్టు మీదనుంచి ఎప్పుడు లేచానో తెలియదు. తొట్టి దగ్గర, ఆమెకు చెయ్యందేంత దూరంలో నిలబడి ఉన్నాను, కొంచెం వంగి, మొహం ముందుకు పెట్టి. చిన్నప్పుడు తప్పించుకుని పారిపోయిన మొహం అది. అత్త నా చెంపల మీది గుంటలను ఒకటొకటిగా చూసింది. చేతులు చెరగుకు తుడుచుకుంది.

“బస్సుకు టైమయింటుంది సీనా” అంది. “బిడ్డను చీకటి పడకముందే ఇల్లు చేర్చు.”